పద్నాలుగో నంబరు పెళ్ళి అతిథి

రత్నకుమారి పదకొండేళ్ళలో నలభైమూడు సినిమాల్లో నటించింది. ఒక్కదాంట్లోనూ ఆమె పేరు పడలేదు. ఒక్కదాంట్లోనూ ఆమె నోరు విప్పి మాట్లాడలేదు. ముఖం కనిపించినవి ఆరో ఏడో ఉంటాయి. మిగతావాటిలో భుజం, మోచెయ్యి, వీపు, జడ చివర. ఒకదాంట్లో తెల్ల దుప్పటి కిందనుంచి బయటికొచ్చిన ఎడమకాలు. ఆ కాలు శవానిది. ఆ ఒక్క కాలి కోసం మార్చురీ బల్ల మీద మూడు గంటలు కదలకుండా పడుకుంది. దర్శకుడు "చాలా బాగా చేశావు" అన్నాడు. ఆమె వృత్తి జీవితంలో ఒక దర్శకుడు ఆమెతో నేరుగా అన్న మాటలు అవే.

ఇవన్నీ అమెరికా వాళ్ళ సినిమాలే. తీసేది మాత్రం అమెరికా సరిహద్దుకి పైనున్న విన్నిపెగ్‌లో. డౌన్‌టౌన్‌లో నూరేళ్ళనాటి ఎర్ర ఇటుకల మేడలు ఉన్నాయి కాబట్టి, వాటి ముందు రెండు పసుపుపచ్చ టాక్సీలు నిలబెట్టి న్యూయార్క్ అంటారు. మంచు ఎలాగూ ఉచితం, కాబట్టి డిసెంబరు పండగ ప్రేమకథలన్నీ ఇక్కడికే వస్తాయి. వెనకాల నడిచే మనుషులు కావాలి కదా, వాళ్ళు స్థానికులు. అలా మన రేపల్లె పోస్టుమాస్టరుగారి రెండో అమ్మాయి న్యూయార్క్ వీధుల్లో కూరగాయల సంచితో ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. మెక్సికో ఆవిడగా బట్టలు ఉతికింది. ఇటలీ అమ్మమ్మగా చర్చిలో కూర్చుంది. జ్యూరీలో పదకొండో సభ్యురాలిగా ఒక అమాయకుడికి శిక్ష వేసింది.

ఈ పనిలో ఆమె చేరడం కూడా వెనకవైపు నుంచే జరిగింది. భర్త కోదండరామ్ ప్రావిన్షియల్ నామినీ అనే వలస పథకం కింద అప్లై చేసి, బస్సులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళాం బిడ్డలతో విన్నిపెగ్ వచ్చిన కొత్తలో ఆవిడ ఒక బడిలో పిల్లల మధ్యాహ్నం భోజనాలు చూసుకునేది. కూతురు ధాత్రికి పదిహేడేళ్ళప్పుడు సినిమాలో ఎక్స్‌ట్రాగా వెళ్తానని సరదా పుట్టింది. తోడుగా తల్లి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మనుషుల్ని ఏరుతున్న అమ్మాయి ధాత్రిని పక్కకు నెట్టి బెంచీ మీదున్న తల్లిని చూసింది. "ఈ వయసు ఆడవాళ్ళు మాకు దొరకరు" అంది. ధాత్రి ఒక్కరోజు చేసి మానేసింది. ఇప్పుడు పక్క రాష్ట్రంలో రెజైనాలో గవర్నమెంటు ఉద్యోగం చేస్తోంది. తల్లి మాత్రం ఆ పనిలోనే ఉండిపోయింది.

ఆమెకు ఈ పని ఎందుకు నచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. ఆమెనడిగితే నవ్వేది. అసలు సంగతి ఏమిటంటే, ఆ పనిలో ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో ఎవరో ఒకరు చెబుతారు. నియమాలు మూడే. కెమెరా వైపు చూడకూడదు. పెట్టిన చోటు నుంచి జరగకూడదు. మాట్లాడుతున్నట్టు పెదవులు కదపాలి, గొంతు మాత్రం రాకూడదు. ఈ మూడోది అందరికీ కష్టం. కొత్తవాళ్ళు నోరు తెరవగానే చప్పుడు చేసి తిట్లు తింటారు. రత్నకుమారి మాత్రం మొదటిరోజే నేర్చేసుకుంది. పక్కనున్న మనిషి ఎవరైనా సరే, ఆ మనిషి కళ్ళలోకి ఆప్యాయంగా చూస్తూ "బెండకాయ, దొండకాయ, కాకరకాయ" అని పెదవులతోనే చెప్పేది. తెరమీద చూస్తే ఏదో పెద్ద సంసార విషయం మాట్లాడుతున్నట్టే ఉండేది.

ఈ వైభవాన్నంతా మెచ్చుకున్న ప్రేక్షకుడు లోకంలో ఒక్కడే. కోదండరామ్. ప్రతి సినిమా టీవీలో వచ్చేదాకా ఎదురుచూసి, రిమోట్ పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పి, "ఆఁ! అదిగో నీ భుజం!" అని ఆపేవాడు. ఆపిన తెరను ఫోనుతో ఫొటో తీసేవాడు. "రత్నం సినిమాలు" అని ఫోనులో ఒక ఆల్బం పెట్టుకున్నాడు. ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా ఆ భుజాలూ మోచేతులూ చూసి "బావున్నాయండీ" అనకుండా టీ తాగడం కుదిరేది కాదు.

పోయిన ఫిబ్రవరిలో వచ్చింది నలభైనాలుగో సినిమా. అమెరికాలో ఏదో చిన్న ఊరు, మంచు, బేకరీ కుర్రాడు, భారతీయ డాక్టరమ్మాయి, చివర్లో పెళ్ళి. ఆ పెళ్ళిలో రత్నకుమారి పద్నాలుగో నంబరు అతిథి. పెళ్ళికూతురి తరఫు పెద్దావిడ, ముందు వరస. ముందు వరస అంటే ముఖం కనిపిస్తుంది.

బట్టల ట్రక్కులో జాయ్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆడవాళ్ళందరికీ చీరలు కట్టించి, మెడలో ఒక్కో నల్లపూసల గొలుసు వేస్తోంది. ప్లాస్టిక్కువి. అన్నీ ఒకే రకం. రత్నకుమారి మెడ దగ్గరకొచ్చేసరికి ఆవిడ నోరు జారింది. పదకొండేళ్ళలో సెట్టు మీద ఆమె చెప్పిన మొదటి అభిప్రాయం అదే.

"పెళ్ళయిందని చూపించడానికి మా వైపు ఇవి కాదమ్మా, సూత్రాలు ఉంటాయి" అంది ఇంగ్లీషులో.

"ఎలా ఉంటాయి?" అంది జాయ్.

రత్నకుమారి చలికి చీరమీద వేసుకున్న స్వెట్టరు గుండీ తీసి చూపించింది. పసుపు పట్టిన బంగారు గొలుసు, రెండు సూత్రాలు, మధ్యలో రెండు పగడాలు. జాయ్ మొహం వెలిగిపోయింది. దర్శకుడిని పిలిచింది. ఆయన వచ్చి చూసి తలూపి వెళ్ళాడు. ఆ తలూపుకి రత్నకుమారి పొంగిపోయింది. అది దాచాల్సిన పనేమీ లేదు, నిజంగానే పొంగిపోయింది.

అయితే ఆ పనికో పద్ధతుంది. ఒకసారి కెమెరా ముందు కనిపించిన వస్తువు ఆ సన్నివేశం పూర్తిగా అయిపోయేదాకా మళ్ళీ అలాగే కనిపించాలి. ఇంటికి తీసుకెళ్తే ఎవరో ఒకరు మర్చిపోయి వస్తారు, అప్పుడు మొత్తం కొంప మునుగుతుంది. అందుకని సాయంత్రం ప్యాకప్ కాగానే ఎవరి వస్తువు వాళ్ళ నంబరు రాసిన జిప్ కవర్లో వేసి ట్రక్కులో తాళం పెడతారు. పెళ్ళి సన్నివేశం మూడురోజులు తీస్తారు, తర్వాత హీరోయిన్ రెండు వారాలు వేరే పనిమీద వెళ్తుంది, వచ్చాక చివరి రోజు తీస్తారు. జాయ్ ఇదంతా వివరంగానే చెప్పింది. రత్నకుమారి తలూపి కాగితం మీద సంతకం పెట్టింది. మెడలోంచి గొలుసు తీసి జాయ్ చేతిలో పెట్టి, కోటు వేసుకుని, బస్సెక్కింది.

సగం దూరం వచ్చాక స్కార్ఫ్ సర్దుకోబోతే చెయ్యి బోసి మెడకు తగిలింది. ముప్ఫై రెండేళ్ళలో ఆమె ఆ మెడను అలా ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఇంటికొచ్చి చెబితే కోదండరామ్ కోప్పడలేదు సరికదా, పడీపడీ నవ్వాడు. "నీకంటే ముందు నీ పుస్తెలు స్టారయిపోయాయన్నమాట" అన్నాడు. బయట మైనస్ ఇరవై ఎనిమిది. అంత చలిలో కారు తీసి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి పసుపు కొమ్ము కొనుక్కొచ్చాడు. గొలుసు తెగి రిపేరుకిచ్చినప్పుడు దారానికి పసుపు కొమ్ము కట్టుకుని మెడలో వేసుకోవడం మనవాళ్ళలో ఉన్నదే. ఆడవాళ్ళు తమకు తామే వేసుకుంటారు. ఆయన ఒప్పుకోలేదు. నూలుదారం పేటలు వేసి, పసుపు రాసి, వంటింట్లో స్టవ్ ముందు ఆమెను నిలబెట్టి తనే కట్టాడు. బస్సుల బోల్టులు బిగించి బిగించి లావెక్కిన వేళ్ళు. మూడో ముడి సరిగా పడలేదు, వంకరగా బిగుసుకుంది.

"అప్పుడూ ఇంతే కదా, మీ పిన్ని వచ్చి సరిచేసింది" అని మళ్ళీ నవ్వాడు. తర్వాత ఫోన్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఎవరితోనో చాలాసేపు నవ్వుతూ మాట్లాడాడు. రత్నకుమారి పట్టించుకోలేదు, మర్నాడు పొద్దున్నే షూటింగు.

అది మంగళవారం. ఆదివారం పొద్దున మంచు తీసే బండి వచ్చి, రోడ్డు శుభ్రం చేసి, ఇంటి డ్రైవ్‌వే ముందు మోకాలెత్తు మంచు గట్టు వదిలేసి పోయింది. కోదండరామ్ పార వేసుకుని వెళ్ళాడు. లోపల రత్నకుమారి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతోంది. కిటికీలోంచి చూస్తే మంచులో గుచ్చిన పార ఒక్కటే నిలబడి ఉంది. ఎక్కడికెళ్ళాడు ఈయన అనుకుంది. స్టవ్ కట్టేసి, బూట్లు వేసుకుని బయటికి వెళ్ళింది. పార పక్కనే ఉన్నాడు. టోపీ మీద అప్పటికే పలచగా మంచు పడి ఉంది.

తర్వాతి రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎందుకంటే రత్నకుమారి వాటిలో లేదు. ఆమెను ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంది. లేవమంటే లేచింది. ఫ్యూనరల్ హోమ్‌లో దహనం బటన్ నొక్కమంటే నొక్కింది. వచ్చినవాళ్ళు చేతులు పట్టుకుని ఏవో చెబుతుంటే వాళ్ళ కళ్ళలోకి చూస్తూ పెదవులు కదిపింది. గొంతు రాలేదు. వాళ్ళు దుఃఖం అనుకున్నారు. ఆమె చెబుతున్నది బెండకాయ, దొండకాయ.

ఏడుపు రాలేదు. రాలేదని బాధ కూడా లేదు. లోపల ఒకే ఒక్క వాక్యం ఉంది. "నేను తీశాను, ఆయన పోయారు." అది మధ్యాహ్నం ఉంది, సాయంత్రం ఉంది, పళ్ళు తోముకుంటుంటే ఉంది. ఆ వాక్యానికి నొప్పి కూడా లేదు. గోడకు తగిలించిన క్యాలెండర్ ఉన్నట్టు ఉందంతే.

రెజైనా నుంచి ధాత్రి వచ్చింది. మిల్టన్ అనే ఊరి నుంచి కోదండరామ్ అక్క సరోజన వచ్చింది. సరోజనకు డెబ్భై దగ్గర పడుతోంది. తక్కువ మాట్లాడే మనిషి, చూపు ఎక్కువ. తమ్ముణ్ణి తల్లిలా పెంచిన మనిషి. వచ్చిన రోజు ఆమె మరదలి మెడవైపు ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది. రత్నకుమారి అది గమనించింది. తెలిసిపోయిందా? తెలిస్తే ఏమంటుంది? సినిమా కోసం పుస్తెలు తీసేసిన ఆడది అంటుంది. అనడంలో తప్పేముంది? రత్నకుమారి తనను తాను అనుకుంటున్నదీ అదే. అయినా ఆ మాట సరోజన నోట వినకూడదు. ఈ ఒక్క భయం మాత్రమే ఆ రోజుల్లో ఆమెకు ఉన్న ప్రాణం.

అస్థికలు కలపడానికి నది గడ్డకట్టి ఉంది. ఏప్రిల్లో మంచు విరిగేదాకా ఆగాలన్నారు. పాత్రను బేస్‌మెంట్‌లో అలమారలో పెట్టారు. కోదండరామ్ అక్కడ అలా ఎదురుచూస్తూ ఉన్నాడు.

పదోరోజు పొద్దున ఏడవుతున్నా ఇంకా చీకటిగానే ఉంది. అంతకు ముందురోజే ధాత్రి అత్తతో పోట్లాడింది.

"అత్తా, ఈ రోజుల్లో ఎవరూ చేయట్లేదు. ఇట్స్ జస్ట్ క్రూయల్."

"గాజులూ బొట్టూ జోలికి నేను పోనులేవే. సూత్రం ఒక్కటి తీయాలి. మీ అమ్మనే అడుగు" అంది సరోజన.

"తీసెయ్యండి" అంది రత్నకుమారి. ఆమెకు ఎలాగైనా ఒకటే.

ఎదురింటి వాసవి సాయానికి వచ్చింది. మంచి మనిషే, కానీ ప్రశ్న వస్తే ఆపుకోలేదు. రత్నకుమారి జాకెట్టులోంచి పసుపుతాడు బయటికి తీయగానే, "అయ్యో ఆంటీ, గొలుసేది?" అంది.

"రిపేరుకిచ్చానమ్మా" అంది రత్నకుమారి. "లింకు ఊడితే."

"ఎప్పుడిచ్చారు? అంకుల్ ఉండగానేనా?"

రత్నకుమారి పెదవులు కదిలాయి. మాట రాలేదు. వాసవి ముందే సిద్ధంగా పెట్టుకున్న కత్తెర అందించింది. సరోజన దాన్ని పక్కకు తోసేసి, తాడును కత్తిరించకుండా తలమీదుగా, చెవులకు తగలకుండా మెల్లగా తీసింది. తీసి గుప్పిట్లో పెట్టుకుని గదిలోంచి వెళ్ళిపోయింది. అది చాలు రత్నకుమారికి. తెలిసిపోయింది, అందుకే మొహం చూడకుండా వెళ్ళిపోయిందనుకుంది.

పన్నెండో రోజు ఈమెయిలు వచ్చింది. పెళ్ళి అతిథి పద్నాలుగు, సోమవారం పొద్దున అయిదూ నలభై అయిదుకి రావలెను, కన్ఫర్మ్ చేయవలెను. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ వేలు దానంతటదే "కన్ఫర్మ్డ్" అని కొట్టేసింది. కొట్టాక ఆలోచించింది. ఫోన్ చేసి చెబితే వాళ్ళు వద్దంటారు, గొలుసు ఎవరితోనైనా పంపిస్తారు. కానీ చెప్పాలి కదా. మా ఆయన పోయారు అని గొంతుతో చెప్పాలి. దానికంటే వెళ్ళి కూర్చుని, అయిపోయాక తెచ్చుకోవడమే సులువనిపించింది.

ధాత్రికి వేరే పనని చెప్పింది. సరోజన వంటింట్లో నిలబడి ఏ పనో అడగలేదు. ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది.

ట్రక్కులో జాయ్ "హాయ్ డార్లింగ్" అని కౌగలించుకుంది. ఆమెకేమీ తెలియదు. అద్దానికి ఒక ఫొటో అతికించి ఉంది. మూడోరోజు సాయంత్రం తీసింది. మెరూన్ చీర, చేతినిండా గాజులు, తలలో కనకాంబరాలు, కళ్ళ పక్కన నవ్వు ముడతలు. ఆ ఫొటోలో ఉన్న ఆవిడకు ఇంటిదగ్గర ఒక మొగుడున్నాడు. జాయ్ ఆ ఫొటోని చూసుకుంటూ ఒక్కొక్కటీ పెడుతూ వచ్చింది. చీర. గాజులు. పూలు. కొంచెం సన్నబడ్డావు అని నడుం దగ్గర పిన్ను. బొట్టు పెట్టి, ఫొటోలో కంటే పైకుందని తీసి మళ్ళీ పెట్టింది. చివరికి జిప్ కవరు తెరిచి గొలుసు మెడలో వేసింది. చల్లగా తగిలింది. అంతే. రత్నకుమారి ఏదో జరుగుతుందనుకుంది, ఏమీ జరగలేదు.

పెళ్ళి హాలులో తన కుర్చీలో తను కూర్చుంది. పక్క కుర్చీలో పదమూడో నంబరు అతిథి, వాల్టర్. రైల్వేలో రిటైరైన ముసలాయన, సిల్కు కుర్తాలో బొద్దుగా ఉన్నాడు. ఈ సినిమాలో ఆయన ఆమె భర్త. ఎవరో అలా కూర్చోబెట్టారు, అంతే. పురోహితుడి వేషం వేసినతను మంత్రాల్లాంటివి చదువుతాడు, బేకరీ కుర్రాడు తాళి కడతాడు, ఆ క్షణాన ముందు వరస దంపతులు ఒకరివైపు ఒకరు తిరిగి ప్రేమగా ఏదో అనుకోవాలి, తర్వాత అక్షింతలు వేయాలి. అసిస్టెంట్ డైరెక్టర్ ఇదంతా చేతులూపి చెప్పాడు. కెమెరా వీళ్ళ పక్కనుంచే వెళ్తుందట.

"బ్యాక్‌గ్రౌండ్!" అని కేక వినిపించింది, వెనకవాళ్ళు మొదలుపెట్టాలని.

రత్నకుమారి వాల్టర్ వైపు తిరిగింది. పెదవులు తెరిచింది. బెండకాయ రాలేదు. ఎందుకో రాలేదు.

మా ఆయన పోయారండీ, అన్నాయి పెదవులు. ఆదివారం పొద్దున. మంచు తీస్తుంటే.

వాల్టర్ చిరునవ్వుతో తలూపాడు. అది ఆయన పని. ఆయన కూడా పెదవులు కదిపాడు. ఎప్పుడూ ఆయన అనేది ఒకటే, పుచ్చకాయ, పుచ్చకాయ.

నేను తీశాను, అంది రత్నకుమారి. సినిమా కోసం మెడలోంచి తీసిచ్చాను. వాళ్ళు తలూపారని మురిసిపోయి తీసిచ్చాను. అయిదురోజులు తిరక్కుండా ఆయన పోయారు.

పుచ్చకాయ, అన్నాడు వాల్టర్ ప్రేమగా.

ఇద్దరూ అక్షింతలు వేశారు.

"కట్! బ్రహ్మాండం. ముందు వరసలో ఆ ఆవిడ చాలా బాగుంది. మళ్ళీ ఒకసారి అచ్చం అలాగే" అని ఎక్కడినుంచో దర్శకుడి గొంతు వచ్చింది.

మళ్ళీ తీశారు. మళ్ళీ చెప్పింది. లైటు సరిపోలేదని మూడోసారి. బేకరీ కుర్రాడికి ముడి పడలేదని నాలుగోసారి. ఆ కుర్రాడు మూడో ముడి దగ్గరే తడబడ్డాడు. రత్నకుమారికి వాణ్ణి చూస్తుంటే కోదండరామ్ వేళ్ళు గుర్తొచ్చాయి. అయినా ఏమీ కాలేదు. అయిదోసారి, ఆరోసారి. ఆరోసారికి ఆ వాక్యం కాకరకాయ అంత మామూలుగా అయిపోయింది. నోట్లో దాని బరువు లేదు. ఆరుసార్లు ఒక మనిషి కళ్ళలోకి చూసి చెప్పేసింది, ఆ మనిషి ఆరుసార్లూ నవ్వుతూ తలూపాడు.

మూడుగంటలకు అయిపోయింది. ట్రక్కులో జాయ్ గాజులు తీసింది, పూలు తీసింది. గొలుసు కొక్కెం మీద చెయ్యి వేసి ఆగింది.

"ఇది నీదే కదా, ఇక నాకు అక్కర్లేదు. వేసుకునే వెళ్తావా, కవర్లో పెట్టమంటావా?"

రత్నకుమారి అద్దంలో చూసింది. ఈ పదహారు రోజుల్లో ఏం కావాలని ఎవరైనా అడగడం ఇదే మొదలు. సూత్రం విషయంలో ధాత్రీ సరోజనా అడిగారు, కానీ అది వాళ్ళ గొడవ తీర్చడానికి. ఈ పిల్ల ఊరికే అడిగింది.

"కవర్లో పెట్టమ్మా" అంది.

బస్సులో కవరును గ్లవ్ లోపల పెట్టుకుంది. ఇల్లు చేరేసరికి వేళ్ళు మొద్దుబారిపోయాయి. సరోజన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ధాత్రి మేడమీద ఆఫీసు కాల్‌లో ఉంది. రత్నకుమారి కోటు కూడా విప్పకుండా వెళ్ళి, కవరు తీసి చిక్కుడు గింజల పక్కన పెట్టింది. మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఉంది, వెడ్డింగ్ గెస్ట్ 14.

"వదినా, రిపేరుకివ్వలేదు. సినిమావాళ్ళకిచ్చాను" అంది. ఆరుసార్లు అలవాటైన వాక్యం, ఏడోసారి గొంతుతో సహా వచ్చేసింది. "నేనే తీసిచ్చాను. నేను తీశాను, ఆయన పోయారు."

సరోజన చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఒలవడం పూర్తిచేసింది.

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు" అంది. "నాకు తెలుసు రత్నం."

"తెలుసా?"

"ఆ రోజే ఫోన్ చేశాడు వాడు. అక్కా, నా పెళ్ళాం పుస్తెలు సినిమాలో వేషం కట్టాయే, అందుకని దానికి ఇవాళ రెండోసారి తాళి కట్టాను అని ఒకటే నవ్వు. పెళ్ళిలో ముడి వంకరగా వేసి పిన్నిగారి చేత తిట్లు తిన్నాను, ఇప్పుడూ మూడోది వంకరే పడింది, కానీ ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేరు అన్నాడు. గంటసేపు మాట్లాడాడు. వాడితో నేను మాట్లాడిన ఆఖరిసారి అదే."

రత్నకుమారి నిలబడే ఉంది. బేస్‌మెంట్‌లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడింది ఈవిడతోనా!

"మరి వాసవి అడిగినప్పుడు..."

"నువ్వు రిపేరన్నావు. కాదనడానికి నేనెవరు? ఊరందరికీ చెప్పాలా ఏంటి మనింటి సంగతి?" సరోజన కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "నువ్వే చెబుతావని చూశాను. నువ్వు అందరితోనూ పెదవులాడిస్తున్నావు గానీ మాట్లాడట్లేదు. నాకు భయమేసింది."

"తీశాను కదా వదినా."

"ఎంతసేపుంది నీ మెడ ఖాళీగా?"

రత్నకుమారి లెక్కేసింది. "నాలుగు గంటలు."

"ఆ నాలుగు గంటలూ వాడు నిక్షేపంలా ఉన్నాడు కదే. కారు వేసుకెళ్ళి పసుపు కొమ్ము కొనుక్కొచ్చాడు. నా తమ్ముడు పోయేనాటికి నీ మెడలో వాడు కట్టిందే ఉంది. ఇంకేం కావాలి?"

సరోజన లేచి దేవుడి అలమార దగ్గరకెళ్ళి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. నదిలో వేయాల్సింది. నది గడ్డకట్టి ఉంది కాబట్టి దాచింది. మూత తీస్తే లోపల పసుపుతాడు, ఎలా తీసిందో అలాగే ఉంది.

"వాడు అంత చెప్పాక ఆ ముళ్ళు ఎలా కోస్తానే? అందుకే తలమీదుగా తీశాను" అంది.

రత్నకుమారి గ్లవ్ విప్పి తాడును ముట్టుకుంది. చలిలోంచి వచ్చిన వేళ్ళకు మొదట ఏమీ తెలియలేదు. ఇంటివేడికి మెల్లగా ప్రాణం వస్తూ, వేళ్ళు సూదులతో గుచ్చినట్టు నొప్పి పెట్టడం మొదలుపెట్టాయి. మొదటి ముడి తగిలింది. రెండోది తగిలింది. మూడోది వంకరగా, గట్టిగా, బోల్టు బిగించినట్టు ఉంది.

అప్పుడు ఏడ్చింది. పెదవులతో కాదు, గొంతుతో. పదకొండేళ్ళుగా చప్పుడు చేయకుండా ఉండటం నేర్చుకున్న గొంతు, ఎలా ఏడవాలో కూడా సరిగా తెలియక, కీచుగా వచ్చింది. మేడమీద ధాత్రి కాల్ వదిలేసి మెట్లమీద పరుగున దిగింది.

"ఏమన్నారు వదినా ఆయన?" అంది రత్నకుమారి ఏడుస్తూనే. "మళ్ళీ చెప్పండి."

సరోజన మొదటినుంచీ చెప్పింది. అక్కా, నా పెళ్ళాం పుస్తెలు సినిమాలో వేషం కట్టాయే, అన్నాడు.

"మళ్ళీ" అంది రత్నకుమారి.

సరోజన మళ్ళీ చెప్పింది.